నిఘా ఇన్నాళ్లూ వాళ్లది, ఎరుక మనది

పోస్టు పెద్దదే. బస్సులో ఉన్నప్పుడో, రాత్రి పని అయ్యాకో తీరిగ్గా చదవండి. అన్నం తింటా మాత్రం చదవొద్దు. ఎందుకో కింద మీకే అర్థమవుతుంది.

ఈమధ్య మన గ్రూపులో ధ్యానం మీద, మైండ్‌ఫుల్‌నెస్ మీద వాదన నడస్తా ఉంది. హాస్టళ్లకి, కాలేజీలకి ఎవరో ఒక ట్రైనరు వస్తారు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటారు, గాలి పీల్చి వదలమంటారు, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. కొందరు తమ్ముళ్లు 'బాగానే ఉంది అన్నా, నిద్ర పడతా ఉంది' అని రాసినారు. కొందరు 'ఏసీ రూముల్లో ఉండేవాళ్ల సరదా ఇది, మనకెందుకు' అని రాసినారు. ఒక అక్క మాత్రం సూటిగా అడిగింది: బాత్రూముల్లో నీళ్లు రావట్లేదని చెప్పుకుంటే ధ్యానం చేసి ప్రశాంతంగా ఉండమన్నారు, దీన్ని ఏమనాలి అని. ఆ ప్రశ్నకి ఎవరూ సరిగ్గా జవాబు రాయలేదు. మేము రాద్దామని కూర్చున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇది మనకి పనికొస్తుంది. అయితే వాళ్లు చెప్పే పద్ధతిలో కాదు, వాళ్లు చెప్పే కారణానికీ కాదు. బుద్ధుడు చెప్పింది రూమూ చాపా యాప్ అడిగే వ్యవహారం కాదు. గిన్నెలు కడిగేకాడ, నడిచేకాడ, తినేకాడ చేసుకునేది. దాన్ని నిజంగా చేసినవాడు నోరు మూసుకుని ఓర్చుకునేవాడిగా మారడు, లెక్క అడిగేవాడిగా మారతాడు.

మొదట అసలు ఏంది ఇది అనేది చూద్దాం. పాళీ భాషలో దాన్ని 'సతి' అంటారు. సంస్కృతంలో 'స్మృతి'. తెలుగులో చెప్పుకోవాలంటే 'ఎరుక' కన్నా మంచి మాట లేదు. తెలంగాణ అన్నదమ్ములు ఇప్పటికీ 'నాకెరుక' అంటారు కదా, ఆ ఎరుకే. ఎరుక చెప్పే ఎరుకల వాళ్ల పేరులో కూడా ఆ మాటే వినపడుతుంది. వేలకి వేలు ఫీజు కట్టి ఇంగ్లీషు పేరుతో నేర్చుకునేదానికి మన అడవి వాళ్ల, సంచార వాళ్ల ఇళ్లల్లో ముందే ఒక మాట ఉందని గుర్తు పెట్టుకోండి, అంతే. అంతకుమించి గొప్పలు పోవాల్సిన పని లేదు.

బుద్ధుడి మాటల్లో దీనికి మూలం సతిపట్ఠాన సుత్తం. మజ్ఝిమ నికాయంలో పదోది. అందులో శ్వాసని గమనించమని చెప్పిన మాట నిజమే. కానీ అక్కడితో ఆగలేదు. ముందుకి నడిచేటప్పుడు, వెనక్కి తిరిగేటప్పుడు, చెయ్యి చాపేటప్పుడు, ముడిచేటప్పుడు, తినేటప్పుడు, తాగేటప్పుడు, నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు, మాట్లాడకుండా ఉన్నప్పుడు, నిద్రపోయేముందు, లేచినప్పుడు, ఆఖరికి మలమూత్రాలకి పోయినప్పుడు కూడా ఏం చేస్తున్నామో తెలిసి చేయమని ఉంది. ఈ ఆఖరిది చదివి మా వాళ్లు నవ్వినారు. కానీ ఆలోచిస్తే అందులో ఒక సంగతి ఉంది. ధ్యానానికి పవిత్రమైన చోటు, పవిత్రం కాని చోటు అని తేడా పెట్టలేదు ఆయన. గుడి లోపలికి రానివ్వని జనానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఎవరైనా అంటారు: ఈ గమనించడం మనకి కొత్తదా? మా తాతలు ఎండ్రకాయలు పట్టేవాళ్లు, వాళ్లకి ఇంతకన్నా ఎరుక ఎవరికుంది? నిజమే. ఉప్పుకాలవ ఒడ్డున బొక్కలో చెయ్యి పెట్టేముందు పెద్దవాళ్లు ఎట్టా చూస్తారో మేము చూస్తానే పెరిగినాం. బొక్క నోటి దగ్గర మట్టి కొత్తగా ఎగదోసి ఉందా, నున్నగా ఉందా, లోపల ఉండేది ఎండ్రకాయా పామా. అప్పుడు వాళ్ల మనసు నిన్నటి గొడవ మీద ఉండదు, రేపటి అప్పు మీద ఉండదు. ఉంటే వేలు పోతుంది. ఎలక బొరియకి కుండతో పొగ పెట్టేటప్పుడు కూడా అంతే. ఇంకో నోటి నుంచి ఎలక ఎప్పుడు దూకుతుందో కళ్లు ఆర్పకుండా చూడాలి.

అయినా ఆ రెండూ ఒకటే అని మేము అనం. మన జాతి గొప్పతనం చెప్పుకునే ఉత్సాహంలో చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఎండ్రకాయ మీద చూపు నిలపడం ఆకలి నేర్పిన విద్య. ఆ చూపు బయటికి పోతుంది, ఎండ్రకాయ దొరకగానే అయిపోతుంది. సాయంత్రం అదే మనిషి సారా కొట్టు ముందు నిలబడినప్పుడు తన చెయ్యి జేబులోకి పోవడం తనకే తెలియదు. ఇంటికొచ్చి భార్య మీద చెయ్యి లేచినప్పుడు అది లేస్తా ఉందని తెలియదు. బుద్ధుడు చూడమన్నది ఆ చేతిని. బొక్కలోకి పోయే చేతి మీద ఉన్న ఎరుకని జేబులోకి పోయే చేతి మీదికి కూడా తెచ్చుకోవడం. మన పెద్దవాళ్ల దగ్గర సగం సరుకు ఉంది, సగం మనం నేర్చుకోవాలి.

చదువుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక కథ చెప్పాలి. బౌద్ధ కథల్లో చూళపంథకుడని ఒకాయన ఉన్నాడు. అన్నదమ్ములు ఇద్దరూ భిక్షువులే. అన్న మహాపంథకుడు తెలివైనవాడు. తమ్ముడికి ఒక్క గాథ నేర్పితే నాలుగు నెలలైనా నోటికి రాలేదు. నీకు ఇది పనికిరాదు, ఇంటికి పో అన్నాడు అన్న. బయట నిలబడి ఏడస్తా ఉంటే బుద్ధుడు చూసి, గాథలేమీ చెప్పకుండా ఒక తెల్ల గుడ్డ చేతికిచ్చినాడు. దుమ్ము పోతా ఉంది, దుమ్ము పోతా ఉంది అనుకుంటా దాన్ని చేత్తో రుద్దతా కూర్చో అన్నాడు. రుద్దంగా రుద్దంగా తెల్ల గుడ్డ మాసిపోయింది. తెల్లటిది ఇట్టా అయిందే అని ఆయన దాన్నే చూస్తా కూర్చున్నాడు. అక్కడే ఆయనకి అర్థమవాల్సింది అర్థమైంది, అరహంతుడైనాడని కథ.

'నీ తలకి చదువెక్కదు', 'మీ వాళ్లకి ఇంతే' అనే మాట వినకుండా హాస్టల్ నుంచి బయటికి వచ్చినవాళ్లు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారు? మాలో అయితే ఒక్కరూ లేరు. అందుకే ఈ కథ మాకు ఇష్టం. మనసు నిలవడానికి జ్ఞాపకశక్తి గొప్పగా ఉండక్కర్లేదు, సంస్కృతం రానక్కర్లేదు, చేతిలో ఒక గుడ్డ చాలు. ఒక గిన్నె చాలు.

మేము కూడా గిన్నెల దగ్గరే మొదలుపెట్టినాం. మాలో ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు కొందరు, రొయ్యల గుంటల కాడ కావలి పనికి పోయేవాళ్లు కొందరు, హార్బరులో ఐసు మోసేవాళ్లు ఇద్దరు. అందరికీ కుదిరే టైము అంటూ లేదు. అందుకని ఒక్కొక్కరు ఒక్కొక్క పని ఎంచుకున్నాం. తిన్న కంచం కడుక్కునేటప్పుడు కంచమే కడగడం. ఫోను పక్కన పెట్టి, నీళ్ల చలవ, బూడిద గరుకు, కంచం అంచు వేలికి తగలడం, అవి తెలస్తా ఉండాలి. మనసు ఎక్కడికో పోతుంది. పోయిందని తెలియగానే తిట్టుకోకుండా మళ్లీ కంచం దగ్గరికి తెచ్చుకోవాలి. ఇంతే పద్ధతి. ఇందులో రహస్యం ఏమీ లేదు.

మొదటి వారం ఏమీ కాలేదు, విసుగొచ్చింది. రెండో వారానికి ఒక సంగతి బయటపడింది. కంచం కడిగే రెండు నిమిషాల్లో మనసు ఎన్నిసార్లు పారిపోతుందో, ఎక్కడికి పారిపోతుందో కనపడటం మొదలైంది. ఒకడి మనసు ఎప్పుడూ సప్లీ పరీక్ష దగ్గరికే పోతుంది. ఇంకొకడిది వాళ్ల నాయన చేసిన అప్పు దగ్గరికి. ఒక చెల్లెలిది, తరగతిలో అందరి ముందు తన కులం పేరు చదివిన రోజు దగ్గరికి. ఇన్నాళ్లూ అవి లోపల తిరగతానే ఉన్నాయి, కానీ ఎవరికీ పేరు పెట్టి చెప్పుకోలేదు. కంచం కడగతా కడగతా వాటిని చూసినాం.

అన్నం విషయం ఇంకా తమాషా. రీల్స్ చూస్తా తింటే ఎంత తిన్నామో, కూరలో ఉప్పుందో లేదో కూడా తెలియదు. ఫోను తీసేసి ఒక పూట తిని చూడండి. ఇంట్లో అయితే అవ్వ వండిన పులుసు రుచి తెలుస్తుంది. హాస్టల్లో అయితే పప్పు ఎంత నీళ్లగా ఉందో తెలుస్తుంది. ఈ రెండోది కూడా ఎరుకే! నీళ్లపప్పుని ప్రశాంతంగా మింగడం ఎరుక కాదు. ఇది నీళ్లపప్పు అని తెలవడం, మెనూ బోర్డు మీద ఏముందో చూడడం, రేపు వార్డెనుకి అరవకుండా చెప్పడం.

గుంటల కాడ రాత్రి కావలి ఉండే మా వాళ్లు చెప్పేది వేరు. రాత్రంతా ఏరేటర్ల చప్పుడు. ఆ చప్పుడులో ఒంటరిగా ఉండేటప్పుడే మందు అలవాటవుతుంది, పేకాట యాప్‌లు అలవాటవుతాయి. ఒకన్న గట్టు మీద తిరిగే నడకనే ధ్యానం చేసుకున్నాడు. కాలు లేస్తా ఉంది, కాలు ఆనతా ఉంది, తడి మట్టి, పొడి మట్టి. గట్టు మీద ఇట్టా చూసి నడిచేవాడికి పాము కూడా ముందే కనపడుతుంది, అది అదనపు లాభం. మందు మానేసినాడా అంటే, పూర్తిగా లేదు. 'తాగాలనిపించడం, తాగడం, రెండూ ఒకటే అనుకునేవాణ్ణి, మధ్యలో కొంచెం జాగా ఉందని ఇప్పుడు తెలిసింది' అంటాడు. ఆ జాగాలో కొన్నిసార్లు నిలబడతాడు, కొన్నిసార్లు దాటేస్తాడు. మేము దాన్ని తక్కువ చెయ్యం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చచ్చిపోవాలనే ఆలోచన వచ్చేవాళ్లకి, రోజుల తరబడి నిద్ర పట్టనివాళ్లకి, ఇది మందు కాదు. కళ్లు మూసుకుని ఒంటరిగా కూర్చుంటే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది కూడా. అట్టాంటి తమ్ముడో చెల్లెలో మీ రూములో ఉంటే పక్కన కూర్చోండి, 14416కి ఫోన్ చేయించండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు టైటిల్లో రాసిన సంగతికి వద్దాం. మనల్ని గమనించడం అనేది ఈ దేశంలో చాలాకాలం సర్కారు పని. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు వచ్చింది, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చినారు. పుట్టుకతోనే దొంగలని జాతులకి జాతుల్నే రిజిస్టర్లలోకి ఎక్కించినారు. మనకి పక్కనే ఉన్న కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ల చేతుల్లో ఎరుకల వాళ్ల సెటిల్మెంటు నడిచింది. ఉత్తరాన స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో నడిచింది. మన బోగోలు మండలంలోని కప్పరాళ్లతిప్ప కూడా అట్టాంటి సెటిల్మెంటు చరిత్ర ఉన్న ఊరే. అక్కడ ఉండేవాళ్లు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు యానాదుల కోసం సంఘం పెట్టి, ఈ చట్టం పోవాలని ఏళ్ల తరబడి తిరిగినారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది.

చట్టం పోయింది కానీ ఆ చూపు పోలేదు. ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసెల దగ్గరికి వస్తారో మీకు తెలుసు. మన ముసలివాళ్లు ఆఫీసరు ఎదురుపడితే తల వంచి పక్కకి జరగడం మీరు చూసే ఉంటారు. చదువుకున్న మనం కూడా షాపులోకి పోతే చేతులు కనపడేటట్టు పెట్టుకుంటాం, ఎవరూ చెప్పకుండానే. ఇంకొకరి కళ్లతో మనల్ని మనం చూసుకునే అలవాటు అది. మూడు నాలుగు తరాల హాజరుపట్టీ మన ఒంట్లోకి ఎక్కింది.

మాకు సతి నచ్చడానికి అసలు కారణం ఇదే. అందులో కూడా గమనించడమే ఉంది, కానీ గమనించేది మనం. ఎవరి రిజిస్టరులోకీ ఎక్కదు. షాపులోకి అడుగుపెట్టినప్పుడు భుజాలు ముడుచుకుపోవడం తెలియాలి. తెలిస్తే, ఎప్పుడూ కాకపోయినా కొన్నిసార్లు, వాటిని వదులు చేసుకోవచ్చు. మొన్న ఒక తమ్ముణ్ణి ఒకాయన నలుగురిలో కులం పేరుతో తిట్టినాడు. ఇంతకుముందైతే రెండే దారులు: తల దించుకుని రావడం, లేదా చెయ్యి చేసుకుని స్టేషన్లో కూర్చోవడం. వాడు చెప్పింది ఏందంటే, చెవులు వేడెక్కడం తెలిసిందంట, పిడికిలి బిగుసుకోవడం తెలిసిందంట. ఒక శ్వాస తీసుకుని, 'సార్, ఆ మాట మళ్లీ అనండి, వీళ్లంతా వింటున్నారు' అన్నాడంట. ఆయన అనలేదు. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురూ చూసే చోట కులం పేరుతో తిట్టడం నేరమని మన సెక్షన్లు మనకి తెలిసి ఉండాలి. కానీ ఆ క్షణంలో సెక్షన్ గుర్తు రావాలంటే ముందు కోపం మన చేతిలో ఉండాలి. మనం కోపం చేతిలో ఉంటే కేసు మన మీదే అవుతుంది.

'ధ్యానం చేస్తే పోరాటం చల్లారిపోతుంది' అనే అన్నలకి ఒక సంగతి. గిన్నెలు కడగడం, టీ తాగడం లాంటి రోజువారీ పనుల్లో ఎరుక గురించి ప్రపంచమంతా చెప్పుకునే పుస్తకం ఒకటి ఉంది. వియత్నాం భిక్షువు తిక్ న్యాట్ హాన్ రాసినాడు. అది మొదట పుస్తకం కాదు, ఉత్తరం. వియత్నాం యుద్ధకాలంలో బాంబులు పడిన పల్లెల్లో ఇళ్లు కట్టడానికి, బడులు, వైద్యం నడపడానికి యువకుల కోసం ఆయన ఒక సంస్థ పెట్టినాడు. ఆ పిల్లలు రెండు పక్షాల వాళ్లకీ అనుమానమే. కొందరిని చంపేసినారు కూడా. ఆయన్ని దేశంలోకి రానివ్వలేదు. 1970ల్లో ఫ్రాన్సు నుంచి, ఆ సంస్థలో పనిచేసే ఒకాయనకి రాసిన పెద్ద ఉత్తరం అది. అంటే అది సుఖంగా ఉండేవాళ్ల కోసం రాసింది కాదు. పొద్దున పల్లెకి పోతే సాయంత్రం తిరిగొస్తామో లేదో తెలియని మన వయసు వాళ్ల కోసం రాసింది. భయంతోనో పగతోనో పని చెయ్యకుండా, రేపు కూడా పనికి పోగలిగేటట్టు. తర్వాత్తర్వాత అది కంపెనీల ట్రైనింగుల్లోకి, యాపుల్లోకి పోయింది. దారిలో యుద్ధం, పల్లె, ఆ పిల్లలు రాలిపోయినారు. గిన్నెలు మాత్రం మిగిలినాయి.

హాస్టలు అక్క అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. నీళ్లు రాకపోతే ధ్యానం చెయ్యమనడం బౌద్ధం కాదు అక్కా. బుద్ధుడు దుఃఖం ఉంది అని ఊరుకోలేదు. దానికి కారణం ఉంది అన్నాడు, ఆ కారణం పోతుంది అన్నాడు, పోవడానికి దారి ఉంది అన్నాడు. మోటారు కాలిపోయి నీళ్లు రానప్పుడు కారణం మోటారు. నీ మనసు కాదు. అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధంలోకి వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని కూర్చోవడం కోసం వెళ్లలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఎట్టా ఉండాలనే దాని కోసం వెళ్లినాడు. ఆ రెండో సగం లేకుండా మనకి మొదటి సగం మాత్రమే అమ్మజూపితే, తీసుకోవద్దు.

ఇంకో సంగతి, మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సతి అనే మాటకి మొదటి అర్థం జ్ఞాపకం. స్మృతి అంటే గుర్తుండటమే కదా. మన వాళ్లు గుంటల కాడ, ఇటుక బట్టీల కాడ, సుబాబుల్ కొట్టే కాడ ఎందుకు ఇరుక్కుంటారు? అడ్వాన్సు తీసుకుంటారు. ఎంత తీసుకున్నారు, ఎన్ని రోజులు పని చేసినారు, మధ్యలో జ్వరానికి ఎంత ఇచ్చినారు, పండక్కి ఎంత ఇచ్చినారు, అంతా ఓనరు పుస్తకంలోనే ఉంటుంది. గుర్తుండే పని కూడా ఆయనకే అప్పజెప్పేసినాం. ఏడాది చివర లెక్క చూస్తే తీసుకున్నదానికన్నా బాకీ పెరిగి ఉంటుంది. నోరు తెరిచి అడగడానికి మన దగ్గర ఒక్క అంకె ఉండదు.

విపశ్యన గురువు గోయెంకా గారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆయనకి నేర్పిన ఊ బా ఖిన్ సన్యాసి కాదు, సంసారి, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. దేశం లెక్కలన్నీ చూసే ఉద్యోగం. ఆ ఆఫీసులోనే గుమస్తాలకి ధ్యానం నేర్పినాడు. ధ్యానం, లెక్క పక్కపక్కనే కూర్చోగలవు అనడానికి మాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. అందుకే మేము రోజువారీ ఎరుకలో ఒక పనిని చేర్చినాం: రాత్రి పడుకునేముందు నోటుబుక్కులో ఆ రోజు తారీఖు, చేసిన పని, గంటలు, తీసుకున్న డబ్బు రాయడం. ఐదు నిమిషాలు. రాసేటప్పుడు రాయడమే, ఫోను లేదు. అది కూడా కంచం కడగడం మాదిరే. కాకపోతే ఏడాదికి ఆ పుస్తకం సాక్ష్యం అవుతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం, అడ్వాన్సు చూపించి మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి, ఆ బాకీ చెల్లదు. వినాల్సినవాళ్లు కలెక్టరు, మనకైతే కావలి ఆర్డీవో ఆఫీసు. అక్కడికి పోయినప్పుడు ఏడుపు కన్నా తారీఖులు ఎక్కువ పనికొస్తాయి.

చేపల గురించి అడిగిన తమ్ముడికి జవాబు బాకీ ఉంది. 'అన్నా, మనం చేపలు పడతాం, ఎండ్రకాయలు పడతాం, ఎలకల్ని చంపుతాం. బౌద్ధంలో మొదటి శీలమే ప్రాణం తీయొద్దని. మరి మనకేం అర్హత ఉంది?' అని వాడు రాసినాడు. మంచి ప్రశ్న. దాటేయకూడదు. బుద్ధుడు ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పినాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. చేపల వృత్తి ఆ లెక్కలో సాఫీగా పాసవదు, అవుతుందని మేము అబద్ధం చెప్పం. బౌద్ధ గ్రంథాల్లో జాలరుల ఇళ్లల్లో పుట్టి భిక్షువులైనవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు వల వదిలేసి పోయినారు. మనకి వదిలితే తిండి లేదు. పక్కనున్న పట్టపోళ్లకీ అంతే.

మా ఉద్దేశం ఏందంటే, ఆ శీలాన్ని మన మీద వేసిన నిషేధం మాదిరి తీసుకోవద్దు, కనపడేదాన్ని కనపడనీయండి. వలలో కొట్టుకునే చేపని చూడకుండా ఉండటం సులభం. చూస్తా పట్టేవాడు అవసరానికి మించి పట్టడు, గుడ్లతో ఉన్న ఎండ్రకాయని వదిలేస్తాడు, కాలవలోకి మందు కలిపే పని చెయ్యడు. మన పెద్దవాళ్లలో చాలామంది ఇట్టాగే ఉండేవాళ్లు. ఇంకో మాట. ఆ ఐదింటిలో మత్తు కూడా ఉంది, విషం కూడా ఉంది. చేపలు పట్టేవాడి అర్హత అడిగే పెద్దమనుషులు బెల్టు షాపు నడిపేవాడి అర్హత ఎప్పుడూ అడగరు. చేప తిని మరీ అడుగుతారు! మనం మొదలుపెట్టగలిగిన శీలం ఐదోది, మందు. అక్కణ్ణించి మొదలుపెడదాం. అందులో ఎవరికీ తిండి పోదు, ఇంట్లో ఆడవాళ్లకి తిండి మిగులుతుంది.

బౌద్ధంలోకి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందేమో అని కొందరి భయం. మొదటి సంగతి, కంచం ఎరుకతో కడగడానికి ఎవరూ మతం మారక్కర్లేదు. చెంచుదేవుణ్ణి మొక్కేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, ఏ మొక్కూ లేనివాళ్లు, మాలో అందరూ ఉన్నారు. రెండోది, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఆ షరతు ఎస్సీల ఉత్తర్వులో ఉంది, అందులోకి కూడా 1990లో బౌద్ధుల్ని చేర్చినారు. ఈ రెండూ కలిపి చెప్పి మనల్ని భయపెట్టేవాళ్లు ఉంటారు, తేడా తెలిసి ఉండండి.

ఇంకా లోతుగా నేర్చుకోవాలనుకునేవాళ్లకి గోయెంకా గారి పద్ధతిలో పది రోజుల కోర్సులు ఉన్నాయి. హైదరాబాదులో ధమ్మఖేత్త, నాగార్జునసాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున. ఫీజు లేదు, తిండికి, ఉండటానికి కూడా డబ్బులు అడగరు. ముందు చేసినవాళ్ల దానంతో నడుస్తాయి. తెల్లారుజామున నాలుగింటికి గంట కొడతారు, పది రోజులు మాట్లాడకూడదు, ఫోను ఇచ్చేయాలి. సెలవుల్లో విద్యార్థులు పోవచ్చు. కానీ కూలికి పోయేవాడికి పది రోజులంటే పది రోజుల కూలి. ఫీజు లేని కోర్సుకి కూడా మనకి ఖర్చు ఉంటుంది, నిర్వాహకులకి అది తట్టదు. అందుకే మేము గిన్నెల దగ్గరే ఉన్నాం. బౌద్ధం కోసం దూరం పోవాలనుకునేవాళ్లు ముందు మన పక్క ప్రకాశం వైపు గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం చూసి రండి. రెండు వేల ఏళ్ల కింద ఈ పక్కనే భిక్షువులు ఇదే నడక నడిచినారు, ఇదే భిక్షాపాత్ర కడుక్కున్నారు.

సరే, పని మాటకి వద్దాం. ఈ వారం ఒక్క పని ఎంచుకోండి, ఒక్కటే. కంచం, నడక, స్నానం, జడ వేసుకోవడం, ఏదైనా. ఏడు రోజులు చేసి, మీ మనసు ఎక్కువసార్లు ఎక్కడికి పారిపోయిందో కామెంటులో రాయండి. పేరు పెట్టి రాయడం ఇష్టం లేకపోతే అడ్మిన్‌కి మెసేజ్ చెయ్యండి, పేరు లేకుండా పెడతారు. 'బాగుంది', 'సూపర్ అన్నా' అనే కామెంట్లు వద్దు.

గుంటల కాడ, బట్టీల కాడ పనిచేసే మన వాళ్ల కోసం లెక్కల నోటుబుక్కులు ఇరవై తెచ్చి పెట్టినాం. తారీఖు, పని, గంటలు, డబ్బు అని గీతలు కొట్టి ఉన్నాయి. జువ్వలదిన్నె, చుట్టుపక్కల వాళ్లు ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకోవచ్చు. రాయడం రానివాళ్లకి మా చెల్లెళ్లు ఇద్దరు రోజూ రాత్రి ఫోన్లో అడిగి రాసి పెడతామన్నారు. అంకెలు వరకు నేర్పిస్తామన్నారు కూడా.